పడకబల్లతో పాడేరు కొండలకు

మల్కాపురం

బయలుదేరినప్పుడు ఉన్నవాళ్ళు: మా అక్క నూకరత్నం, బావ ఎర్నాయుడు, నేను. ఉన్నవి: మిలిటరీ వేలంలో బావ కొన్న పాత జీపు, దాని వెనక నేను గీయగా బావ కట్టిన పడకబల్ల, బల్ల కింద రెండు సొరుగులు, కిరసనాయిలు స్టవ్వు, బియ్యం డబ్బా, కందిపప్పు, ఎండు నెత్తళ్ళ చేపలు, బొంతలు, ఒక తెల్ల దుప్పటి, ఒక రసమట్టం, ఒక దిక్సూచి. చివరి రెండూ నావి. రసమట్టం ఎందుకని అక్క అడిగింది. బల్ల సమంగా ఉందో లేదో చూడటానికి అన్నాను.

"తొంగుంటే తెలిసిపోదేట్రా, వొంకరో సమానమో?" అంది.

దిక్సూచి ఎందుకని అడగలేదు. అడిగితే దారి తప్పినప్పుడు పనికొస్తుందని చెప్పేవాణ్ణి. మేం వెళ్ళేది బస్సులు తిరిగే దారే.

ఇది సరదా ప్రయాణం కాదు. బావకు విశాఖ మల్కాపురంలో లారీలకు చెక్క బాడీలు కట్టే షెడ్డు ఉంది. అప్పటికి ఉక్కు కర్మాగారం ఇంకా కడుతూనే ఉన్నారు. పేరు ఉక్కుదే అయినా ఊరంతా లారీలే, కాబట్టి బావకు పని ఉండాలి. కానీ లారీ యజమానులు ఒక్కొక్కరే ఇనప బాడీలకు మారిపోయారు. షెడ్డులో రంపం మోగిన రోజులకంటే మోగని రోజులు ఎక్కువయ్యాయి. సరిగ్గా అప్పుడే పాడేరు అవతల కొండల్లో ఖనిజం వెతికే ఒక సర్వే శిబిరం నుంచి జోగారావు గారనే అధికారి జీపు వెనక తలుపు బాగుచేయించుకోవడానికి వచ్చాడు. తలుపు బిగిస్తుండగా ఒక మాట అన్నాడు. తన దగ్గర ఎనిమిది జీపులు ఉన్నాయట. తవ్విన రాళ్ళన్నీ జీపులో దొర్లిపోతున్నాయట. మనుషులేమో ఆగిన ప్రతిచోటా డేరా కట్టలేక తడిసిపోతున్నారట. రాళ్ళు దొర్లకుండా, మనిషి పడుకునేలా ఏదైనా కట్టి, కొండ మీదకు తెచ్చి చూపిస్తే, నచ్చితే ఎనిమిదింటికీ కట్టించుకుంటానన్నాడు.

ఆయనకు నచ్చితే షెడ్డు ఉంటుంది. నచ్చకపోతే బావ షెడ్డు మూసి, ఒరిస్సాలోని పారాదీప్‌లో పడవలు కట్టే వాళ్ళన్నయ్య దగ్గర పనికి చేరతాడు. ఆ అన్నయ్య తమ్ముడి ఇంట్లో కూరకు ఉప్పెంత పడిందో కూడా తనే చెప్పే మనిషి. అక్క రెండేళ్ళ క్రితం అక్కడ పది రోజులు ఉండి వచ్చింది. ఆ పది రోజుల గురించి ఇప్పటికీ మాట్లాడుతుంది. నేను ఓడరేవు వర్క్‌షాపులో శిక్షణలో ఉన్న ఇంజినీరును. ఉండేది అక్కా వాళ్ళ ఇంట్లోనే. కాబట్టి వ్యవహారంలో నా భోజనం కూడా ఉంది.

జోగారావు గారు అన్న మాటను మేమిద్దరం రెండు రకాలుగా పట్టుకున్నాం.

"ఆయన రాళ్ళు అన్నాడు బావా," అన్నాడు బావ. నేను ఆయనకు బావమరిదినే అయినా, మా వైపు బావా బావా అని ఇద్దరూ పిలుచుకుంటారు. "రాళ్ళు దొర్లిపోతన్నాయన్నాడు. మొదటి మాట అదే."

"మనిషి పడుకోవాలని కూడా అన్నాడు కదా."

"అది రెండో మాట."

మొదటి మాట బావకు వదిలేసి రెండోది నేను తీసుకున్నాను. పడకకు పదకొండు బొమ్మలు గీశాను. సొరుగులకు ఒక బొమ్మలో మూల కాస్త జాగా ఇచ్చాను. మనిషి పొడుగు జీపు వెనక భాగంలో పట్టదు కాబట్టి ముందు సీట్ల వీపులు తీసేసి, బల్లను స్టీరింగు దాకా సాగదీశాను. స్టీరింగు దగ్గర బల్ల సన్నబడుతుంది, నడిపేవాళ్ళు ఆ అంచు మీదే కూర్చోవాలి. అటు కాళ్ళు దూరతాయి, తల దూరదు. అందుకని తల వెనక తలుపు వైపు. గాలి కూడా అటే వస్తుంది. తల కింద చెక్కతోనే ఏటవాలుగా ఒక దిండు కట్టించి, అది కదలకుండా బోల్టులు వేయించాను. ఆ వాలు ఎంత ఉండాలో మా ఇంట్లో ముగ్గురి మెడలు కొలిచి తేల్చాను. అక్క తన మెడ కొలవనివ్వలేదు. మూడోది ఎదురింటి వాళ్ళది.

సింహాచలం

కొత్త బండికి పూజ చేయించకుండా ఘాట్ ఎక్కనని బావ అన్నాడు. బండి కొత్తది కాదని నేను అన్నాను. బల్ల కొత్తదే కదా అని అక్క అంది. కొండ కింద కొబ్బరికాయలు, నిమ్మకాయలు, బంతిపూల దండలు అమ్మే కొట్ల ముందు ఆగాం. నిమ్మకాయ పావలా. మల్కాపురంలో పావలాకు రెండు వస్తాయని అక్క అంటే, కొట్టు ఆవిడ ఏ మాత్రం తడుముకోకుండా, "అక్కడ సామి లేడు కదమ్మా," అంది. అక్కకు ఎదురు చెప్పి గెలిచిన మనిషిని నేను చూడటం అదే మొదలు.

పూజారి బానెట్ మీద బొట్లు పెట్టాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు, చుట్టూ తిరిగి వెనక్కి వచ్చి ఆగిపోయాడు.

"ఇదేమిటి నాయనా? మంచమా?"

"పడకబల్ల పంతులుగారూ," అన్నాను. "ప్రయాణంలో పడుకోడానికి."

"జీపు నడుస్తుండగానా?"

"ఆగినప్పుడు."

"ఆగితే దిగి పడుకోవచ్చు కదా," అన్నాడు. అని మళ్ళీ ఆయనే, ఎందుకొచ్చిందిలే అన్నట్టు దాని మీద కూడా పసుపు చల్లాడు. నా పదకొండు బొమ్మల్లో ఈ ప్రశ్నకు జవాబు లేదు.

శృంగవరపుకోట

కొత్తవలస దాటాక దుమ్ము మొదలైంది. అక్క బల్ల ఎక్కి, ముఖం మీదకు తెల్ల దుప్పటి లాక్కుని నిద్రపోయింది. బల్ల మీద మొదటి నిద్ర. వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా గర్వంగా ఉంది. అంత ఎగుడుదిగుడు దారిలో కూడా ఒక మనిషి కదలకుండా పడుకోగలిగింది.

శృంగవరపుకోట బస్టాండు ఎదుట ఆగాం. బావ గారెలు తేవడానికి వెళ్ళాడు. నేను జీపు పక్కన నిలబడి ఉండగా టీకొట్టు బల్ల మీద కూర్చున్న ముసలాయన లేచి వచ్చాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇద్దరు ముగ్గురు బీడీలు ఆర్పారు.

"పెద్దాసుపత్రి నుండేనా బాబూ?" అన్నాడు మెల్లగా.

"కాదండి, మల్కాపురం నుంచి."

"ఎవులు బాబూ పోయినారు? పెద్దోలేటి?"

ఎవరు ఎక్కడికి పోయారో నాకు అర్థం కాలేదు. ఆయన చూస్తున్న వైపు చూశాను. తెల్ల దుప్పటి, దాని కింద నిటారుగా మనిషి, సింహాచలంలో చల్లిన పసుపు, కాళ్ళ దగ్గర బంతిపూల దండ. వివరించడానికి నోరు తెరిచేలోపు దుప్పటి లేచి కూర్చుంది.

"టీ సెప్పినావేట్రా?" అంది అక్క.

ముసలాయన రెండడుగులు వెనక్కి వేశాడు. టీకొట్టులో ఎవరి చేతిలోదో గ్లాసు పడింది. తరవాత బస్టాండంతా నవ్వింది. ముసలాయన తలపాగా చుట్టుకుంటూ, "లేసి టీ అడిగినాదంటే ఇంక నూరేళ్ళే బాబూ," అని తన టీ ముందు అక్కకు ఇప్పించాడు. మా వైపు టీలో సగం పాలు, ఇక్కడ సగం బెల్లం.

అక్క టీ అంతా తాగింది. గ్లాసు ఇచ్చేశాక అంది. "మొగుడు ఉన్నదాన్ని పాడె మీద తొంగోబెట్టినావు. నువ్వు సదివిన సదువు అదేట్రా?"

"దుప్పటి తెల్లది అవడం వల్ల అక్కా. బల్ల తప్పు కాదు."

"రేపు ఆ అదికారి కూడా ఇలాగే టోపీ తీసీసినాడంటే మన షెడ్డుకే దండం ఎట్టినట్టు," అంది. బావ గారెల పొట్లంతో వచ్చి, సంగతి విని నవ్వబోయి, ఈ చివరి మాటకు నోరు మూసుకున్నాడు. బస్టాండు పక్క కొట్లో పూల దుప్పటి కొన్నాం. ఎర్ర గులాబీలు. పడుకున్న మనిషి పడుకున్నట్టే కనబడాలంటే పూలు ఉండాలని ఇంజినీరింగు కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

ఘాట్ రోడ్డు

ఘాట్ మొదలైన మూడో మలుపులో వెనక నుంచి లారీ హారను ఆగకుండా మోగింది. దారి ఇమ్మంటున్నాడనుకుని బావ పక్కకు తీశాడు. లారీ ముందుకు రాలేదు. ఆగి, డ్రైవరు తల బయట పెట్టి అరిచాడు.

"ఏటి బాబూ, దారి పొడుగునా కొట్టు ఎట్టీసినారేటి?"

దిగి చూశాం. కింది మలుపు నుంచి ఇక్కడి దాకా మా సామాను ఒక వరసలో ఉంది. ముందు కందిపప్పు, తరవాత నెత్తళ్ళు, తరవాత బియ్యం డబ్బా మూత, చాలా దూరం తరవాత డబ్బా. నా బొమ్మల చుట్ట లోయలోకి వాలిన ఒక తుప్ప మీద నిలబడి ఉంది. సొరుగులు రెండూ వెనక్కి పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి. బల్ల పొడుగు సరిపోక వెనక తలుపు తీసేశాం కాబట్టి వాటికి అడ్డం ఏదీ లేదు.

నేను దీని గురించి ఆలోచించలేదని కాదు. చెక్కకూ చెక్కకూ మధ్య రాపిడి ఎంత ఉంటుందో లెక్క కట్టాను. ఈ ఘాట్ ఎత్తుకు సొరుగు జారే ప్రసక్తే లేదు. అదే బావతో అన్నాను.

"రాపిడా?" అన్నాడు బావ. "అది నేకుండా కొవ్వొత్తి రుద్దీసినాను గదా. జోగారావు గారు ఏలితో లాగితే సర్రుమని రావాలని. రెండు కొవ్వొత్తులు రుద్దినాను ఒక్కో దానికి."

"నాతో చెప్పొద్దా?"

"కొవ్వొత్తి రుద్దినానని ఇంజినీరుకి సెప్పాలేటి?"

లారీ డ్రైవరు కూడా దిగి నెత్తళ్ళు ఏరిపెట్టాడు. ఏరుతూ ఒకటి నోట్లో వేసుకుని, "బీమిలీవి గదా," అన్నాడు. భీమిలివే. కందిపప్పు మాత్రం కొండకు వదిలేశాం. బావ కొండ పక్క పడి ఉన్న ఒక చెక్క ముక్క తీసుకుని, రోడ్డు పక్కనే కూర్చుని, సొరుగుకొకటి చొప్పున చెక్క గడియ చెక్కాడు. మధ్యలో మేకు, అడ్డంగా తిప్పితే సొరుగు ఆగుతుంది, నిలువుగా తిప్పితే వస్తుంది. పిల్లల బడి తలుపుకు ఉంటుందే, అది. నా లెక్కకు నేనూ కట్టుబడి ఉన్నాను గానీ గడియ వద్దని మాత్రం అనలేదు.

అనంతగిరి

పొద్దు వాలేటప్పటికి అనంతగిరి చేరాం. కాఫీ తోట పక్కన ఒక చదును ఉంది. తోట కాపలాదారు సోమన్న అక్కడ ఉండొచ్చన్నాడు. చదును అన్నాను గానీ రసమట్టం పెడితే దక్షిణం వైపుకు వాలు తేలింది. సమస్య కాదు. తల ఎత్తులో, కాళ్ళు పల్లంలో ఉండాలి. తల వెనక తలుపు వైపు. అంటే జీపు ముక్కు పల్లానికి ఉండాలి. బావతో అలాగే పెట్టించాను. పూల దుప్పటి పరిచి, "అక్కా, రా," అన్నాను.

అక్క బల్ల దగ్గరకు వచ్చి, పడమట కొండ మీద మిగిలిన ఎరుపు చూసి, మళ్ళీ బల్ల చూసింది.

"తల ఎటురా?"

"ఇటు, ఎత్తు ఉన్న వైపు."

"అది ఉత్తరం."

నేను దిక్సూచి తీశాను. ఉత్తరమే. సూది సరిగ్గా చెక్క దిండు మధ్యలోకి చూపిస్తోంది.

"ఉత్తరానికి తల ఎట్టి తొంగోమంటావా? తొంగున్న ఏనుక్కే గదరా తల నరికీసినారు, వినాయకుడికి ఎట్టడానికి!"

పదకొండు బొమ్మలు. బరువు, పొడుగు, గాలి, మెడ వాలు. ఒక్క బొమ్మలోనూ దిక్కు లేదు. మా నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లో ఎవరూ ఉత్తరానికి తల పెట్టలేదు. నేను కూడా ఈ రోజు దాకా పెట్టలేదు. కానీ ఇంట్లో మంచం తిప్పుకుంటాం, తలగడ అటుది ఇటు వేసుకుంటాం. తల దిక్కు ఇనప బోల్టులతో బిగించిన మంచం మా వంశంలో ఇదే మొదటిది.

జీపు తిప్పాం. ఇప్పుడు తల దక్షిణానికి, కానీ పల్లంలో. అక్క పడుకుని చూసి, "కాళ్ళ నుండి రగతం అంతా నెత్తిమీదకి వొచ్చీసినట్టుంది," అంది. అడ్డంగా తిప్పితే తల పడమరకు వచ్చింది. అది ఒక రాత్రికి పర్వాలేదంది గానీ, పక్కకు వాలి దొర్లిపోయింది. బావ నాలుగోసారి స్టీరింగు తిప్పుతూ, "బావా, బల్ల కట్టడానికి పట్టిన పని కంటే నిలబెట్టడానికి ఎక్కువ పడతన్నాది," అన్నాడు. ఆఖరికి మళ్ళీ తల దక్షిణానికి పెట్టి, వెనక చక్రాలు రాళ్ళ మీదకు ఎక్కించి సమం చేశాం. రాళ్ళు సోమన్న మోసుకొచ్చాడు. ఇదంతా ఎందుకో అడిగాడు. చెప్పాను. చాలాసేపు నవ్వాడు.

"మాకు దిక్కు పొయ్యిదే బాబూ," అన్నాడు. "చలికాలం పొయ్యి ఎటుంటే కాళ్ళు అటు. తల ఎటుంటే మాత్రం ఏం, అది గొంగడిలో ఉంటాది."

బావా నేనూ సోమన్న గుడిసె అరుగు మీద, పొయ్యి వైపు కాళ్ళు పెట్టి పడుకున్నాం. సోమన్న జీలుగు కల్లు పోశాడు. మా తాటికల్లు కంటే తియ్యగా, చల్లగా ఉంది. బావ రెండు సొరకాయ బుర్రలు తాగి, జోగారావు గారు దిక్కులు పట్టించుకునే మనిషా కాదా అని నన్ను మూడుసార్లు అడిగాడు.

పొద్దున అక్క తీర్పు చెప్పింది. "బాగానే పట్టింది నిద్ర. మెడ నొప్పెట్టనేదు." కాఫీ గింజలు ఎండుతున్న వాసనలో ఆ మాట విని, ఎదురింటి వాళ్ళ మెడకు మనసులో దండం పెట్టుకున్నాను. ఇక ఒప్పుకోక ఏం చేస్తాడు జోగారావు అని బావతో అన్నాను కూడా.

అరకు సంత

అరకులో ఆ రోజు సంత. కొండల మీద నుంచి ఆడవాళ్ళు కావిళ్ళతో, తట్టలతో దిగి వచ్చి నేల మీద కుప్పలు పోసి కూర్చున్నారు. అల్లం, పసుపు కొమ్ములు, చిలగడదుంపలు, పిప్పళ్ళు, అడ్డాకుల కట్టలు. తక్కెడ ఎక్కడా లేదు. అన్నీ కుప్పల లెక్క. కుప్ప అర్ధరూపాయి. నేను ఒక అల్లం కుప్పను చేత్తో ఎత్తి, బరువు అంచనా వేసి, విశాఖ పూర్ణా మార్కెట్ ధరతో పోల్చడం మొదలెట్టాను. పక్క కుప్ప కాస్త పెద్దదని తోచి దాన్నీ ఎత్తాను. మూడోది ఎత్తేసరికి ఆ ముసలమ్మ నా చేతిలోంచి అల్లం లాక్కుని, మూడూ కలిపి ఒకటి చేసి, మళ్ళీ మూడు కుప్పలు పెట్టింది. ఈసారి మూడూ అంతకుముందు కంటే చిన్నవిగా కనిపించాయి. నాలుగో కుప్ప ఆమె ఒళ్ళో ఉంది.

"సెయ్యి ఎట్టకు," అంది అక్క నాతో. "నువ్వు సెయ్యి ఎట్టిన కొద్దీ తగ్గిపోతన్నాయి."

బేరం అయ్యాక అక్క అలవాటుగా కొసరు అడిగింది. విశాఖలో కొసరు వేయకుండా ఎవరూ ఇవ్వరు. ముసలమ్మకు ఆ మాట కొత్త. కొనేశాక మళ్ళీ ఇంకా ఎందుకు ఇవ్వాలో మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వి, ఒకే ఒక పచ్చి మిరపకాయ అక్క చేతిలో పెట్టి, పక్కవాళ్ళందరికీ చూపించింది.

చోడి అంబలి తాగాం, అంటే రాగి జావే, ఆకు దొన్నెలో. మా ఇంట్లో చేసేదే, కాకపోతే ఇక్కడ ఉల్లిపాయ కాదు, కాల్చిన ఎండుచేప నంజుకుంటారు. అక్క అల్లం మళ్ళీ కొంది, పసుపు కొంది, పిప్పళ్ళు కొంది. ఇన్ని ఎందుకని అడిగాను.

"పారాదీపులో దొరుకుతాయో నేదో," అంది, కట్ట బిగిస్తూ.

బావ విన్నాడు. జీపు దగ్గరకు వెళ్ళి, సొరుగు లాగి, మళ్ళీ తోసి, గడియ తిప్పి చూసుకున్నాడు. అక్కడి నుంచి పాడేరు దాకా నేను మనసులో జోగారావు గారికి చెప్పాల్సిన వాక్యాలు వరసగా పెట్టుకున్నాను. మొదటి వాక్యం, "ఈ బల్ల ప్రత్యేకత మూడు విషయాల్లో ఉంది" అని.

శిబిరం

పాడేరు దాటి, మట్టి దారిలో ఒక వాగు దాటాక శిబిరం కనబడింది. కొండ పక్కన డేరాలు, వంట పాక, రాళ్ళ పెట్టెలు. వాటి ముందు ఎనిమిది జీపులు బారుగా నిలబెట్టి ఉన్నాయి. ఎనిమిదింటి ముక్కులూ ఒకే వైపు, కింద వాగు వైపు ఉన్నాయి. అంత క్రమశిక్షణ చూసి ఇది నా లాంటి మనిషి నడిపే శిబిరం అనుకున్నాను.

జోగారావు గారు ఉన్ని టోపీతో ఎదురొచ్చాడు. టోపీ తీయలేదు. అక్కను చూసి, "అమ్మా, ఈ చలిలో మీరు కూడానా," అని వంట పాకలో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. డ్రైవర్లందరూ మూగారు. వాళ్ళ పెద్ద పైడిరాజు, విజయనగరం వైపు మనిషి, మా జీపును తీసుకెళ్ళి బారులో తొమ్మిదోదిగా, మిగతా వాటిలాగే ముక్కు వాగు వైపు పెట్టి నిలబెట్టాడు.

నేను మొదలెట్టాను. "ఈ బల్ల ప్రత్యేకత మూడు విషయాల్లో ఉందండి..."

"ముందు పడుకో పైడిరాజూ, చూద్దాం," అన్నాడు జోగారావు గారు.

పైడిరాజు బల్ల ఎక్కి, తల దిండు మీద ఆనించబోయి, ఎండ చూసుకుని లేచి కూర్చున్నాడు.

"తల ఉత్తరానికొస్తన్నాది బాబూ."

నేను సిద్ధంగానే ఉన్నాను. "జీపు ఇటుది అటు తిప్పితే సరి. వెనక చక్రాల కింద రాళ్ళు పెడితే సమం అవుతుంది. అనంతగిరిలో అలాగే చేశాం."

డ్రైవర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పైడిరాజు నన్ను జాలిగా చూశాడు. "బాబూ, ఇక్కడ పొద్దున్న పూట ఏ బండీ సెల్ఫు కొట్టి స్టార్టవదు. మంచుకి బాటరీలు సచ్చిపోయి ఉంటాయి. బ్రేకు ఒగ్గీసి పల్లానికి దొర్లించుకుంటేనే స్టార్టు. అందుకే గదా అన్నిటికీ ముక్కు వాగు వైపు ఎట్టుకున్నాం. ఎత్తుకి తిప్పి రాళ్ళెక్కించుకున్నామంటే పొద్దున్న ఎవులు తోస్తారు, మీరా?"

"శిబిరం మార్చినప్పుడో?" అన్నాను.

"ఎక్కడికెల్లినా వాలు సూసుకునే ఆపుతాం. ఈ కొండలో డేరాకి జాగా అంతా దక్షిణం పక్కే, ఎండ కోసం."

అంటే, ముక్కు దక్షిణం, తల ఉత్తరం, ఎనిమిది జీపులకూ, ప్రతి రాత్రీ. అక్కడున్న పదిమందిలో ఉత్తరానికి తల పెట్టి పడుకుంటానన్నవాడు ఒక్కడూ లేడు. జోగారావు గారు తనకు అలాంటి పట్టింపులు లేవని అన్నాడు. "నేనైతే పడుకుంటానయ్యా," అని, ఒక్క క్షణం ఆగి, "మా ఆవిడకి తెలియకపోతే," అన్నాడు.

బావ ముందుకు వచ్చాడు. "తల ఇటుది అటు ఎట్టేస్తే? స్టీరింగు వైపు?"

"అక్కడ తల దూరదు బావా," అన్నాను. "పైగా పల్లం."

"దూరుతాదేమో సూద్దాం," అన్నాడు. ఆయన మొహంలో పారాదీప్ కనబడింది. నేను పక్కకు జరిగాను. బావ బల్ల ఎక్కి, కాళ్ళు నా చెక్క దిండు మీదకు చాపి, తల స్టీరింగు వైపు పెట్టి వెల్లకిలా పడుకున్నాడు. దూరింది. "సూసినారా," అన్నాడు. అంటూనే మెల్లగా జారడం మొదలెట్టాడు. కొత్త పూల దుప్పటి నున్నగా ఉంది. ఆయన రెండు చేతులతో బల్ల అంచులు పట్టుకున్నాడు. దుప్పటితో సహా వచ్చేశాడు. నడినెత్తి వెళ్ళి స్టీరింగు నడుమ ఉన్న హారను బొత్తానికి ఆనింది.

మిలిటరీ హారను. అటు కొండకు తగిలి ఇటు వచ్చింది. వంట పాకలోంచి వంటవాళ్ళు గరిటెలతో వచ్చారు. రాళ్ళ గోతుల్లోంచి మనుషులు పారలతో పరిగెత్తుకొచ్చారు. బావ లేవడానికి ప్రయత్నించిన కొద్దీ ఇంకా జారి, హారను ఇంకా గట్టిగా మోగింది. నేను, పైడిరాజు చెరో కాలు పట్టుకుని వెనక్కి లాగితే గానీ ఆగలేదు.

అక్క కాఫీ గ్లాసుతోనే వచ్చింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే అర్థం చేసుకుంది. గ్లాసు బానెట్ మీద పెట్టింది. అరకులో కొన్న అల్లం కట్ట తీసి, ముడి ఇంకాస్త బిగించింది. బావ నెత్తి రుద్దుకుంటూ జీపు దిగి, "ఎల్దామా మరి," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా.

"ఉండవయ్యా, ఎక్కడికి?" అన్నాడు జోగారావు గారు. నవ్వీ నవ్వీ ఆయన కళ్ళ నీళ్ళు తుడుచుకుంటున్నాడు. "కింద ఆ సొరుగులు ఏమిటి?"

బావ వెనక్కి వెళ్ళి, గడియ తిప్పి వేలితో లాగాడు. సర్రుమని వచ్చింది.

జోగారావు గారు మనుషుల్ని పిలిచి, మా సామాను దింపించి, రెండు సొరుగుల్లోనూ నిండా రాళ్ళు పోయించాడు. ఎర్రవి, బరువైనవి. పైడిరాజు బ్రేకు వదిలి, జీపును దొర్లించి స్టార్ట్ చేసి, వాగులోకి దిగి, అవతలి గట్టు ఎక్కి, తిరిగి, మళ్ళీ వాగు దాటి, ఎత్తు ఎక్కి వచ్చాడు. ఆ ఎత్తు ఘాట్ కంటే నిటారుగా ఉంది. జీపు రెండుసార్లు గాల్లోకి లేచింది. బావ కదలకుండా నిలబడ్డాడు. అక్క ఆయన చొక్కా వెనక అంచు పట్టుకుని ఉంది. నేను మాత్రం రాపిడి లెక్క మళ్ళీ మొదటి నుంచి కట్టుకుంటున్నాను, ఈసారి కొవ్వొత్తితో.

జీపు ఆగింది. జోగారావు గారు స్వయంగా గడియ తిప్పి సొరుగు లాగాడు. రాళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. రెండో సొరుగూ లాగాడు. అందులోనూ అంతే. పైడిరాజు వంగి చూసి, "ఇదేదో బాగుంది బాబూ. రాళ్ళకి దిక్కుతో పనేటి," అన్నాడు.

"ఎర్నాయుడూ," అన్నాడు జోగారావు గారు, "ఎనిమిదింటికీ కట్టు. పైన పొట్టి పలక చాలు, పెట్టెలు పెట్టుకోడానికి. సీట్ల వీపులు తీయకు. వెనక తలుపు ఉండనీ. దిండు అక్కర్లేదు."

బావ సరేనన్నాడు. రెండు సొరుగులూ మూసి గడియలు తిప్పాడు. అక్క చొక్కా అంచు వదిలి, కొంగుతో ముక్కు తుడుచుకుని, "పొగ," అంది. వంట పాక గాలికి అవతల పక్క ఉంది.

జోగారావు గారు నా వైపు తిరిగాడు. "ఏమయ్యా ఇంజినీరూ, మూడు విషయాలన్నావు, ఒక్కటీ చెప్పనే లేదు. సరే, కొలతలు రాసుకో."

రాసుకున్నాను. సొరుగులు పదహారు. పడకలు సున్నా.